కడగని ఆకు

ఊవ్రెలి
జూన్ 9, 1927
(రాశాను, పంపలేదు)

అత్తయ్యా,

తోడు చచ్చిపోయింది. చంపింది నేనే.

మిమ్మల్ని క్షయ శానిటోరియానికి బండి ఎక్కించిన నాలుగో రోజున ఆరోగ్య కమిటీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. పెద్దాయన చేతిలో కాగితం ఉంది. మీ పరుపు, గొర్రెతోలు దుప్పటి, రెండు దిండ్లు, ఆకుపచ్చ శాలువా అన్నీ కొట్టం వెనక్కి మోయించి తగలబెట్టించారు. మీ అబ్బాయి అప్పుడు ఏటిలో దుంగలు తోసే పనిలో ఉన్నారు. మంట పక్కన నేనొక్కదాన్నే నిలబడ్డాను. తోలు కాలిన వాసన రెండు రోజులు పోలేదు.

వెళ్తూ కాగితం నా చేతికిచ్చారు. నేను బడికి వెళ్ళింది ఐదు చలికాలాలు, అదీ వారం విడిచి వారం. కూడబలుక్కుని చదివాను. రోగి చేయి తరచుగా తగిలిన ప్రతి పాత్రనూ మరిగే నీళ్ళతో కడగాలని ఉంది. ఈ ఇంట్లో మీ చేయి అన్నిటికన్నా ఎక్కువ తగిలింది పాలు తోడుపెట్టే తొట్టెకే. నేలమాళిగలోంచి పైకి మోసుకొచ్చాను. అందులో ఉన్నదంతా గోతిలో పోశాను. బూడిదనీళ్ళతో తోమాను. జూనిపర్ కొమ్మలు వేసి కాచిన నీళ్ళు మరుగుతుండగానే మూడుసార్లు నిండుగా పోశాను. చెక్క తెల్లబడింది. ఎంత శుభ్రంగా వచ్చిందో అని సంతోషపడ్డాను కూడా.

సాయంత్రం పాలు పితికి అందులో పోసేదాకా నాకు తట్టలేదు, తోడు కాస్తయినా వేరేగా తీసి ఉంచలేదని. సముద్రం ఒడ్డున మా పుట్టింట్లో తీగలా సాగే ఈ తోడుపాలు లేవు. అక్కడ చేపలు, బంగాళదుంపలే. చెక్క పగుళ్ళలో కొంచెం మిగిలే ఉంటుందిలే అనుకుని మూడు రోజులు చూశాను. నాలుగో రోజుకు విరిగి, పైన పసుపు నీళ్ళు తేలాయి. చెంచాతో ఎత్తితే ముక్కలుగా పడింది. తీగ సాగలేదు.

పెళ్ళయిన మర్నాడు మీరు నన్ను నేలమాళిగలోకి తీసుకెళ్ళి మూత తీసి చూపించారు. "మా అమ్మమ్మ కన్నా ముందు నుంచి ఒక్క ఏడాది కూడా ఆగలేదు, ఇక నీ చేతిలో పెడుతున్నాను" అన్నారు. ఆ చేత్తోనే ఇలా చేశాను.

ఇది చెప్పాలంటే మంట సంగతీ చెప్పాలి. జబ్బుతో పడుకున్న మనిషికి, నీ పడక తగలబెట్టాం అని ఎలా రాయను?

సిగ్రి


ఊవ్రెలి
జూన్ 9, 1927

అత్తయ్య మారెన్ గారికి, సిగ్రి వందనాలతో రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా. మీ అబ్బాయి శనివారం వచ్చి సోమవారం వెళ్ళారు. కుడికాలి బూటు చిరిగింది. ఆవులు నాలుగూ బాగున్నాయి. పైన ఇంకా మంచు కరగలేదు గనక జూన్ చివర సంత్ హాన్స్ పండుగ దాటితే గాని ఆవుల్ని తోలుకుని కొండ మీది వేసవి పాకకి ఎక్కలేం. బంగాళదుంపలు వేశాం. పాలు బాగున్నాయి.

మీకు కాస్త తేలిగ్గా ఉందని తలుస్తూ,
మీ కోడలు సిగ్రి


శానిటోరియం, రెండో అంతస్తు వరండా
జూన్ 18, 1927

సిగ్రీ,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. విషయం మాత్రం ఏమీ లేదు. పక్క మంచంలో జెన్నీ అని బడిలో చదువు చెప్పే ఆవిడ ఉంది. ఆవిడ నీ ఉత్తరం చూసి, "ఈ పిల్ల నోరు తెరవడానికి కూడా అనుమతి అడుగుతుందా ఏమిటి" అంది. మా ఇంటికి వచ్చి ఏడాదిన్నర అయింది, ఉప్పు కావాలన్నా అడగకుండా చప్పిడి తినే రకం అని చెప్పాను.

పొద్దున ఆరింటి నుంచి మమ్మల్ని మంచాలతో సహా వరండాలోకి తోస్తారు. వాన పడ్డా అక్కడే. చలిగాలే మందట. అది మందయితే మన కొండ మీద ఎవరికీ జబ్బే రాకూడదు. దగ్గినప్పుడు ఉమ్మడానికి నీలం గాజు బుడ్డి ఒకటి ఇచ్చారు. అది పక్కన లేకుండా కదలకూడదు. ఆదివారాలు తూకం వేస్తారు. పోయిన ఆదివారం రెండు కిలోలు తగ్గి ఉన్నాను. ఇక్కడి పాలు మరగకాచి మరగకాచి ఇస్తారు. తాగితే తడి గుడ్డ నమిలినట్టు ఉంటుంది.

పాలు బాగున్నాయి అంటే నాకు ఏం తెలుస్తుంది? చెంచా ఎత్తితే తీగ ఎంత పొడుగు వస్తోంది? మణికట్టు దాకానా, మోచేతి దాకానా? పుల్లని వాసన ఎక్కువైతే నేలమాళిగలో ఇంకో మెట్టు కిందికి దించు. నా పరుపు ఎండ కాసినప్పుడు బయట వేస్తున్నావా? దూదిపురుగు పట్టకుండా చూడు. వానలు మొదలయ్యేలోపు వచ్చి దాని మీదే పడుకుంటాను.

రాసేటప్పుడు భయపడకు. కాగితం కొట్టదు.

మారెన్


వేసవి పాక
జూన్ 27, 1927

అత్తయ్యా,

మొన్న శనివారం ఆవుల్ని పైకి తోలుకొచ్చాం. మీ అబ్బాయి సామాను దించి, పైకప్పు మీద జారిన గడ్డి పెళ్ళలు సర్ది కిందికి వెళ్ళిపోయారు. ఏరు కరిగిన మంచుతో నిండుగా పారుతోంది. పాక వెనక ఉత్తరం వైపు కరగని మంచు మరక ఒకటి ఇంకా తెల్లగా ఉంది. పెద్దావు దాగ్రోస్ ముందు నడుస్తూ దారి తానే చూపించింది. నన్ను నమ్మినట్టు లేదు.

తీగ మణికట్టు దాటి వస్తోంది. పరుపు ఎండలో వేశాను.

ఒక మాట అడగాలని. తోడాకు అనేది ఎక్కడ దొరుకుతుంది? ఏ వేళలో కోయాలి? ఊరికే తెలుసుకుందామని.

ఇక్కడ గాలి శుభ్రంగా ఉంది, మీరుంటే బాగుండేది.
సిగ్రి


శానిటోరియం
జూలై 5, 1927

సిగ్రీ,

దాగ్రోస్ పొదుగు మీద పుండు లేచింది, అంతేగా? నాకు చెప్పడానికి భయపడి, ఊరికే తెలుసుకుందామని అని రాశావు. ఊరికే ఎవరికీ తోడాకు అక్కర్లేదు. తోడు ఉన్న ఇంట్లో ఆ ఆకుతో ఒకే పని, పొదుగు పుండ్లకి రాయడం. పాలు పితికేటప్పుడు నీ గోళ్ళు తగులుతున్నాయేమో, కత్తిరించుకో.

పాక వెనక మంచు మరక కరిగి కారే చోట నల్లటి తడి నేల ఉంటుంది చూడు. గడ్డి కూడా సరిగ్గా మొలవదు. అక్కడ ఉంటుంది. నేలకి అతుక్కుని నక్షత్రంలా పరుచుకున్న పసుపుపచ్చ ఆకులు, మధ్యలో ఒక సన్నటి కాడ, దాని మీద ఊదారంగు పువ్వు ఒక్కటే. ఆకు ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. నూరి వెన్నతో కలిపి పుండు మీద రాయి. వారంలో మానుతుంది.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. డాక్టరు కుర్రవాడు, మంచివాడు. నా ఉమ్మిలోంచి గాజు మీద రాసి, రంగు వేసి, యంత్రం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. నీలం మధ్య ఎర్రటి పుల్లలు, సన్నగా, కొంచెం వంగి. ఇవే మిమ్మల్ని తినేవి అన్నాడు. చాలాసేపు చూశాను. మా ఆయన్ని, నా కూతురు ఇంగాని తీసుకుపోయినవాటి మొహం ఇన్నాళ్ళకి చూశాను. మొహం లేదు వాటికి.

ఇలాంటివి ఇంకెక్కడైనా ఉంటాయా అని అడిగాను. "ఎక్కడ లేవో చెప్పడం తేలికండీ. మట్టిలో, ఆకుల మీద, వేళ్ళ చుట్టూ, మంచు కింద కూడా ఉంటాయి. చాలావాటి వల్ల మనకి ఏ హానీ లేదు" అన్నాడు. అయితే మా తోడులో కూడా ఉంటాయా అన్నాను. అతను పట్నం పిల్లాడు, తీగసాగే పాలు చూడనేలేదు. ఒక సీసా తెప్పించండి, ఇద్దరం చూద్దాం అన్నాడు.

అందుకని ఒక సీసా పంపు. డాక్టరు చూడటానికి రెండు చుక్కలు చాలు. మిగతాది నాకు. ఈ ఆదివారం ఇంకో కిలో తగ్గాను. ఏది తిన్నా గొంతు దిగడం లేదు. మన పాలలో ఎండురొట్టె విరిచి వేసుకుంటే నాలుగు చెంచాలైనా దిగుతాయని ఉంది. జెన్నీతో చెప్పాను, వారంలో వస్తుందని. ఆవిడ కూడా ఎదురు చూస్తోంది. సీసా తిరిగి వస్తుందని బెంగపడకు. ఇక్కడ అన్నీ మరగకాచే పంపుతారు.

మారెన్


వేసవి పాక
జూలై 14, 1927

అత్తయ్యా,

దీనితో పాటు ఇంకో ఉత్తరం పెడుతున్నాను. జూన్ తొమ్మిదో తారీకున రాసింది. ముందు అది చదవండి. అది చదివాక ఇది చదవబుద్ధి కాకపోతే అలాగే పక్కన పెట్టేయండి.

చదివారు గదా. దాగ్రోస్ పొదుగుకి ఏమీ కాలేదు. తీగ మణికట్టు దాటలేదు, అసలు తీగే లేదు. పరుపు ఎండలో వెయ్యలేదు. నేను మీకు ఇంతవరకు రాసినవాటిలో నిజం ఏమిటంటే బంగాళదుంపలు, మీ అబ్బాయి బూటు.

తోడు పోయిన వారానికి కింది ఇంటి తూరా దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ తోడు ఒకప్పుడు మనింటి నుంచి వెళ్ళిందేనని మీరు చెప్పారు గనక. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఆవిడే, "ఏమ్మా, అప్పు కోసమా, నిప్పు కోసమా" అంది. తోడు అంటే నవ్వింది. "నా తోడు పోయి ఆరేళ్ళయిందే పిల్లా. పాలన్నీ డెయిరీ బండికి పోస్తున్నాం, తోడుకి మిగిలేదేముంది? మీ అత్త దగ్గరికి మళ్ళీ వచ్చి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఈ వాలు మీద ఇప్పుడు మీ తొట్టె ఒక్కటే" అంది. మా తొట్టె కూడా లేదని చెప్పలేక వచ్చేశాను.

మీరు చెప్పిన చోట తోడాకు దొరికింది. మీరు పుండు కోసమని రాశారు, నేను పాల కోసం తెచ్చాను. ఆకు అడుగున పరిచి వెచ్చటి పాలు పోస్తే మొదటి తోడు పుడుతుందని మీరు ఎప్పుడో ఒకసారి అన్నారు. వరసగా వేర్వేరు గిన్నెల్లో నాలుగుసార్లు చేశాను. ఆకుల నిండా దోమలు, చచ్చిన పురుగులు అతుక్కుని ఉన్నాయి. రోగం మనిషికి మురికి వల్లే వస్తుందని కమిటీ కాగితంలో ఉంది. అందుకని ఒక్కో ఆకునీ వేడినీళ్ళలో మూడుసార్లు కడిగి, ఉడకబెట్టిన గుడ్డతో తుడిచి వేశాను. పాలు కూడా కాచి చల్లార్చి పోశాను. ఇంతకన్నా శుభ్రంగా ఎవరూ చెయ్యలేరు. నాలుగుసార్లూ పోయింది. రెండుసార్లు విరిగింది, ఒకసారి చేదెక్కింది, ఒకసారి ఐదు రోజులైనా పాలు పాలుగానే ఉండిపోయాయి. అది చూస్తే ఎక్కువ భయం వేసింది.

కాబట్టి పంపడానికి సీసాలో పొయ్యడానికి ఏమీ లేదు. మీరు నాలుగు చెంచాలు అడిగారు, నా దగ్గర లేవు.

ఇంకొక సంగతి. ఇది మీ అబ్బాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు మూడో నెల.

ఏ మాట అన్నా పడతాను.
సిగ్రి


వేసవి పాక
ఆగస్టు 1, 1927

అత్తయ్యా,

టపా తెచ్చే బండి అమండ్ రెండు వారాలుగా ఉత్త చేతులతోనే వస్తున్నాడు. నేను కంచె దగ్గర నిలబడితే దూరం నుంచే చేతులు రెండూ విప్పి చూపించి వెళ్ళిపోతున్నాడు.

మొన్న ఊలావ్ పండుగకి మీ అబ్బాయి పైకి వచ్చారు. మీ నుంచి ఉత్తరం లేదని, నామీద కోపం వచ్చిందని చెప్పాను. ఆయన గొడ్డలి పదును పెట్టుకుంటూ, "మా అమ్మ కోపం వస్తే మాటలు మింగే మనిషి కాదు. తిట్టు రాలేదంటే అది కోపం కాదు" అన్నారు. తర్వాత చాలాసేపు పదును పెడుతూనే ఉన్నారు. గొడ్డలికి అంత పదును అక్కర్లేదు.

ఆయన మాట విన్నాక మీరు తిడితే బాగుండునని ఉంది.

ఐదోసారి కూడా చేశాను. ఈసారి ఆకుని ఉప్పునీళ్ళలో కడిగాను. పోయింది.

ఒక్క అక్షరం రాసినా చాలు, లేదా ఎవరిచేతనైనా రాయించినా చాలు.
సిగ్రి


శానిటోరియం
ఆగస్టు 9, 1927

సిగ్రీ,

ఇది జెన్నీ రాస్తోంది, చెప్పేది నేను. చెయ్యి ఎత్తకూడదన్నారు. జూలై పదహారున నోటి నుంచి రక్తం పడింది. మూడు వారాలు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమన్నారు. నీ రెండు ఉత్తరాలూ దిండు కిందే ఉన్నాయి. నిన్ననే చదివించుకున్నాను. కోపం వల్ల రాయలేదనుకున్నావు. నాకు కోపం వచ్చేంత ఊపిరి కూడా అప్పుడు లేదు.

జెన్నీ రాయనని మొండికేస్తోంది, రాయించి తీరతాను. విను.

పదకొండేళ్ళ కింద మా ఆయన పోయినప్పుడు కూడా కమిటీ వాళ్ళు వచ్చారు. అదే కాగితం. పడకంతా ఇచ్చాను, ఒక దిండు ఇవ్వలేదు. గడ్డివాములో దాచాను. ఆయన తల నూనె వాసన దానిలో ఉండేది. ఇంగాకి పదమూడేళ్ళు. నాన్న కావాలని వారం రోజులు తిండి మానేసింది. నేనే ఆ దిండు తెచ్చి దాని తల కింద పెట్టాను. నిద్రపోయింది. రెండు చలికాలాలు దాని మీదే పడుకుంది. మూడో చలికాలానికి లేదు. డాక్టరు, దిండు వల్లే అని ఎవరూ చెప్పలేరు అంటాడు. అతనికి చెప్పడం రాకపోవచ్చు, నాకు వచ్చు. నా కొడుకు హల్వోర్‌కి ఈ సంగతి తెలియదు. నువ్వు చెప్పాల్సిన పనీ లేదు.

నా పడక నువ్వు తగలబెట్టావు. ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివి, అందులో పేరు పెట్టి రాయని తొట్టెని కూడా మరిగే నీళ్ళతో కడిగావు. ఆ ఇంట్లో ఒక బిడ్డ పుట్టబోతోంది. నేను చెయ్యాల్సిన పని నువ్వు చేశావు. ఇక నువ్వు నాకు సంజాయిషీ రాయకు. చదవను.

వానల లోపు ఇంటికి వస్తానని రాశాను. ఇక అలా రాయను. ఇక్కడ వరండా ఉంది, జెన్నీ ఉంది.

ఇప్పుడు పాల సంగతి. ఆకు కడగకు. నువ్వు ఇన్నాళ్ళూ ఆకు తెచ్చి, దాని మీద ఉన్నదాన్ని కడిగి పారేసి, ఉత్త ఆకు పాలలో వేశావు. పాలని తోడుపెట్టేది ఆకు కాదు, ఆకు మీద బతికేవి. మా అమ్మ అది ఆకు జిగురు అనేది. డాక్టరు దాన్ని ఊరు అంటాడు, కంటికి కనిపించని జనం అంటాడు. చలిలో పుట్టి చలిలో బతికే జనం. మంచు ఎనిమిది నెలలు మీద కూర్చున్నా ఆ నల్ల మట్టిలో, ఆ వేళ్ళ దగ్గర, ముడుచుకున్న మొగ్గలో ఉంటారట. నువ్వు వేడినీళ్ళు పోశావు. పురుగుల్ని వేళ్ళతో తీసెయ్యి, అంతే. నీళ్ళు తగలనివ్వకు. ఎండ ఎక్కకముందు కొయ్యి. మంచు మరక పక్కన కాకుండా కొంచెం దిగువన, ఏడాదంతా తడి ఆరని చోటివి చూడు. పాలు కాచకు. పొదుగు నుంచి వచ్చిన వెచ్చదనం మీదే పోసి, మూత వేసి, రెండు రోజులు దాని జోలికి పోకు. ఒక్కసారికి రాకపోవచ్చు. పక్కవాళ్ళ తోడు పోతే చేసిపెట్టే మా అమ్మకి కూడా మూడుసార్లు చేస్తే ఒకసారి వచ్చేది.

ఆగస్టు దాటితే ఆ ఆకు వాడిపోయి మొగ్గలోకి ముడుచుకుంటుంది. తర్వాత జూన్ దాకా కనబడదు. నాకు జూన్ దాకా టైం ఉందో లేదో డాక్టరు చెప్పడు. త్వరగా చెయ్యి.

మారెన్

(ఆవిడ చెప్పినది చెప్పినట్టే రాశాను. రోజుకి పది మాటలకి మించి మాట్లాడకూడదని డాక్టరు ఆజ్ఞ. ఇది రాయడానికి మాకు నెల రోజులు పట్టి ఉండాల్సింది, ఒక్క పూటలో చెప్పేసింది. — జెన్నీ)


వేసవి పాక
ఆగస్టు 23, 1927

అత్తయ్యా,

ఉత్తరం అందిన మర్నాడే ఆకు కోశాను. కడగకుండా పాలలో ఏదీ ఎన్నడూ వెయ్యలేదు. ఒక ఆకుకి మట్టి అంటుకుని ఉంది. తుడవబోయి ఆగాను. దాన్ని అలాగే వేశాను.

మొదటిసారి రాలేదు. ఆకులు అప్పటికే అంచుల్లో గోధుమరంగు తిరుగుతున్నాయి. నాలుగు రోజులాగి, ఏటి దిగువన రాళ్ళ నీడలో పచ్చగా ఉన్నవి పన్నెండు ఏరి, తొట్టె వదిలేసి చిన్న కొయ్యగిన్నెలో వేశాను. తొట్టె చెక్కలో నా మరిగే నీళ్ళు ఇంకా ఉన్నాయేమోనన్న భయం. దాగ్రోస్ పాలు నేరుగా దానిలోకే వడగట్టాను. రెండు రోజులు దాని జోలికి పోవద్దన్నారు గనక కట్టెలు కొట్టాను, జున్ను కాచాను, నడవక్కర్లేని చోట్లకల్లా నడిచాను.

మూడో రోజు పొద్దున మూత తీస్తే పైన నున్నగా, బిగువుగా ఉంది. నీళ్ళు తేలలేదు. చెంచా ముంచి ఎత్తాను. వచ్చింది. వేలెడు పొడుగే, తెగిపోయింది గాని, తీగే.

దానిలోంచి ఒక చెంచా తీసి కొత్త పాలలో వేశాను. రెండోసారి జానెడు వచ్చింది. నిన్న నాలుగోసారి. మణికట్టు దాటింది. ఈసారి నిజంగానే.

మీ అబ్బాయి నిన్న పైకి వచ్చి రెండు గిన్నెలు తిన్నారు. మూడో గిన్నెకి తానే చెయ్యి చాపారు.

పొద్దున కిందికి దిగి తూరా ఇంటికి ఒక గిన్నె తీసుకెళ్ళాను. ఒక్క ఇంట్లోనే ఉంటే ఏమవుతుందో చూశాను గనక మీ అనుమతి అడగకుండానే ఇచ్చాను. మా తొట్టె కూడా పోయిందని, ఎలా పోయిందో అప్పుడు చెప్పాను. తూరా గిన్నె అందుకుని, "ఎదురుగా నిలబడి ఇంత మాట్లాడావంటే నిన్ను ఎవరో మార్చేశారే" అంది. తర్వాత, "డెయిరీ బండికి ఒక బిందె తగ్గితే వాళ్ళేం చచ్చిపోరు" అంది.

సీసా అమండ్ చేత పంపుతున్నాను. తడి నాచులో చుట్టి, భూర్జ పట్ట పెట్టెలో సర్దాను. పెట్టె నీడలో ఉంచమని మూడుసార్లు చెప్పాను. మూడోసారి విసుక్కున్నాడు. డాక్టరు గారికి ఒక చీటీ కూడా పెట్టాను, మీరు తిన్నాక సీసా తిరిగి పంపవద్దు, అక్కడే పగలగొట్టమని. మీరేమీ అనుకోరని ఇప్పుడు తెలుసు గనకే రాశాను.

ఒక్కటే భయం. వాసన వేరుగా ఉంది. మీ తొట్టెలోని పాలకి కొంచెం పొగ వాసన, గింజ వాసన ఉండేది. దీనికి పచ్చిగడ్డి, తడి రాయి వాసన ఉంది. ఎందుకో నాకు తెలియదు. చెయ్యడం సరిగ్గా రాలేదేమో. తిని చెప్పండి.

నాలుగు చెంచాలకన్నా ఎక్కువే ఉన్నాయి.
సిగ్రి


శానిటోరియం
సెప్టెంబరు 4, 1927

సిగ్రీ,

ఇది నా చేతి రాతే. వంకరగా ఉంటే ఓపిక చేసుకో. జెన్నీ పైన గదిలోకి మారింది, బాగుపడుతోంది.

సీసా వచ్చింది. డాక్టరు రెండు చుక్కలు తీసుకుని యంత్రం కింద పెట్టాడు. నన్ను మంచంతో సహా అక్కడికి తోయించాడు. పుల్లలు లేవు. ఎర్రది ఏదీ లేదు. పూసలు, సన్నటి పూసలు దండలుగా గుచ్చినట్టు, ఒకదాని పక్కన ఒకటి, గాజంతా నిండి ఉన్నాయి. చూస్తూ ఉండిపోయాను. అతను విశ్రాంతి గంట కొడుతున్నారన్నా వినిపించలేదు.

తర్వాత తిన్నాను. రొట్టె విరిచి వేసుకుని తొమ్మిది చెంచాలు తిన్నాను. లెక్కపెట్టింది నర్సు. గొంతు దిగింది.

ఇది మా అమ్మ పాలు కాదు. మా అమ్మమ్మదీ కాదు. ఆ తోడు పోయింది, ఇక ఎక్కడా లేదు. నోట్లో పెట్టుకోగానే తెలిసింది. ఒక పూట దాని కోసం ఏడ్చాను, నీతో ఎందుకు దాచాలి. నువ్వు సరిగ్గానే చేశావు. ఇది వేరే చోటి ఆకు, వేరే జనం. రాళ్ళ నీడలోది. పుల్లదనం తక్కువ, చివర నాలుక మీద చల్లగా ఉంటుంది. మంచి పాలు.

తూరాకి ఇచ్చినప్పుడు ఊవ్రెలి మారెన్ వాళ్ళ తోడు అని చెప్పి ఉంటావు. నిన్ను నేను ఎరుగుదును. మళ్ళీ వెళ్ళి సరిచెప్పిరా. ఇకమీద ఎవరడిగినా సిగ్రి తోడు అని చెప్పు. అడగకపోయినా చెప్పు.

ఇంకో సీసా పంపు.

మారెన్